ఎమ్‌51 ఫొటో: ఆకాశపు వెలుగులో నూరో వంతు కోసం

ఎమ్‌51 సర్పిల గెలాక్సీని ఫొటో తీయడం కష్టమేమీ కాదు. చిన్న టెలిస్కోపుతో అరగంట సేపు వెలుగు పోగుచేసినా మధ్యభాగం, రెండు చేతులు, పక్కనున్న ఎన్‌జీసీ 5195 కనిపిస్తాయి. కష్టమంతా ఆ రెండు గెలాక్సీల చుట్టూ పొగలా వ్యాపించిన మసక తోకలది. ఒకదాన్నొకటి లాక్కోవడంతో బయటికి చెదిరిన నక్షత్రాలవి. వాటి వెలుగు చదరపు ఆర్క్‌సెకనుకు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) 26 మ్యాగ్నిట్యూడ్ దాటుతుంది. ఈ కొలతలో అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. పల్లెటూరి మంచి ఆకాశం 21.3 దగ్గర ఉంటుంది. తేడా దాదాపు 5. 5 మ్యాగ్నిట్యూడ్ల తేడా అంటే సరిగ్గా 100 రెట్లు. అంటే ఆకాశం వెలుగులో నూరో వంతు మాత్రమే ఉన్న ఒక సంకేతాన్ని ఆ ఆకాశంలోంచి విడదీయాలి. చోటు, ఎక్స్‌పోజర్, ఫ్లాట్లు (నీడలు దిద్దడానికి సమానమైన వెలుగుని తీసే ఫ్రేములు), ప్రాసెసింగ్ గురించి నేను తీసుకునే నిర్ణయాలన్నీ ఈ ఒక్క లెక్క మీదే నడుస్తాయి.

హైదరాబాద్ డాబా మీద ఆకాశం 18.3 దగ్గర ఉంటుందనుకుందాం. పల్లెకీ దీనికీ 3 మ్యాగ్నిట్యూడ్లు, దాదాపు 16 రెట్ల తేడా. అక్కడ అదే తోక ఆకాశంలో పదహారు వందో వంతు అవుతుంది. పల్లెలో 4 గంటల్లో వచ్చే నాణ్యత కోసం డాబా మీద 64 గంటలు కావాలి. అన్ని గంటలు తీసినా ఫ్లాట్లలో వెయ్యో వంతు తప్పు ఉంటే చాలు, తోక అందులో కలిసిపోతుంది. లైట్ పొల్యూషన్ ఫిల్టర్ వేస్తే సరిపోతుందా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. నెబ్యులాలు కొన్ని నిర్దిష్ట తరంగదైర్ఘ్యాల్లోనే వెలుగుతాయి, వాటికి ఫిల్టర్ పనిచేస్తుంది. గెలాక్సీ వెలుగు నక్షత్రాల వెలుగే, వర్ణపటమంతా పరుచుకుని ఉంటుంది. ఇప్పటి ఎల్‌ఈడీ వీధిదీపాలదీ అంతే. ఒకదాన్ని కోస్తే రెండోదీ తెగుతుంది. గెలాక్సీలకి చీకటే మందు. డబ్బు ఫిల్టర్ మీద కాకుండా పెట్రోలు మీద పెట్టండి.

ఎప్పుడు, ఎక్కడ అన్నది తరవాతి ప్రశ్న. ఎమ్‌51 సప్తర్షి మండలం తోక కొసనున్న మరీచికి దాదాపు మూడున్నర డిగ్రీల దూరంలో, నైరుతి వైపు ఉంటుంది. డెక్లినేషన్ (ఆకాశంలో అక్షాంశం లాంటిది) +47 డిగ్రీలు. 18 డిగ్రీల అక్షాంశం నుంచి చూస్తే అది ఉత్తరం వైపు 61 డిగ్రీల ఎత్తు వరకే వస్తుంది, నడినెత్తికి ఎప్పుడూ రాదు. ఏప్రిల్ మధ్యలో రాత్రి 12:15 ప్రాంతంలో మెరిడియన్ (ఉత్తరం నుంచి నడినెత్తి మీదుగా దక్షిణానికి పోయే గీత) దాటుతుంది. 30 డిగ్రీల పైన ఎనిమిదిన్నర గంటలుంటుంది. ఆ రోజుల్లో పూర్తి చీకటి రాత్రి 8 దగ్గర మొదలై తెల్లవారుజామున 4:45 దాకా ఉంటుంది కాబట్టి చీకటంతా దీనికే ఇవ్వొచ్చు. మార్చిలో అయితే రాత్రి 10 తరవాత మొదలుపెట్టడం మేలు. ఉగాది ముందు రాత్రి ఎలాగూ అమావాస్యే. ఫాల్గుణ, చైత్ర అమావాస్యలకి అటూ ఇటూ ఐదారు రాత్రులే ఈ గెలాక్సీకి అసలు సీజన్. మేలో మబ్బులు, ఉరుములు మొదలవుతాయి. అకాల వర్షం పడి వెలిసిన మర్నాడు దుమ్ము కడుక్కుపోయి గాలి తేటగా ఉంటుంది, ఆ రాత్రిని వదులుకోవద్దు.

వస్తువు ఉత్తరాన ఉంటుంది గనక చోటు కూడా నగరానికి ఉత్తరానే ఉండాలి. చాలామంది అలవాటుగా శ్రీశైలం రోడ్డు పట్టి దక్షిణానికి వెళ్తారు. చీకటి బాగానే ఉంటుంది గానీ, ఎమ్‌51ని చూసేది హైదరాబాద్ వెలుగు గుమ్మటం మీదుగా. అది 30 డిగ్రీల ఎత్తులో ఉన్న తొలి గంటల ఫ్రేముల్లో ఒక పక్కనుంచి మరో పక్కకి మెట్టులా వెలుగు తేడా పడుతుంది. అదే నారాయణఖేడ్ వైపు పల్లెలకి వెళ్తే నగరం వీపు వెనక్కి పోతుంది. అడవి లోపలికి రాత్రి అనుమతి ఉండదు, అవసరమూ లేదు. తెలిసిన రైతు పొలం చాలు. ముందే చెప్పి వెళ్లాలి, మోటారు షెడ్డు దగ్గర బల్బు ఆపమని అడగాలి. బండరాళ్ల మీదా కాంక్రీటు కల్లం మీదా టెలిస్కోపు పెట్టొద్దు. ఎండకి కాలిన రాయి అర్ధరాత్రి దాకా వేడి వదులుతూనే ఉంటుంది, ఆ వేడిగాలికి నక్షత్రాలు ఉబ్బుతాయి. మట్టి నేలే మంచిది. నల్లరేగడి అయితే ట్రైపాడ్ కాళ్లు రాత్రంతా కొద్దికొద్దిగా దిగబడుతూ పోలార్ అలైన్‌మెంట్‌ని (మౌంట్ అక్షాన్ని ఆకాశ ధ్రువానికి గురిపెట్టడాన్ని) చెడగొడతాయి, అందుకని ఒక్కో కాలి కింద అడుగు చదరం కడప బండ ముక్క వెయ్యాలి.

సామాను సంగతి. నేను వాడేది 200 మిల్లీమీటర్ల అద్దం, 1000 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న ఎఫ్/5 న్యూటోనియన్ టెలిస్కోపు, మూలల్లోని నక్షత్రాలని దిద్దే కోమా కరెక్టర్, టెలిస్కోపుని ఆకాశంతో పాటు తిప్పే స్కై-వాచర్ ఈక్యూ6-ఆర్ ప్రో మౌంట్, జెడ్‌డబ్ల్యూఓ ఏఎస్‌ఐ533ఎమ్‌సీ ప్రో కలర్ కెమెరా. సెన్సర్ పిక్సెల్ 3.76 మైక్రాన్లు. 206.265ని 3.76తో గుణించి 1000తో భాగిస్తే పిక్సెల్‌కి 0.78 ఆర్క్‌సెకన్లు. సెన్సర్ 3008 పిక్సెళ్ల చదరం కాబట్టి ఫ్రేములో 39 ఆర్క్‌మినిట్లు పడుతుంది. ఎమ్‌51 పొడవు 11 ఆర్క్‌మినిట్లు, తోకలు పరుచుకోవడానికి చుట్టూ ఖాళీ ఉంటుంది. ఇంతకన్నా పెద్ద టెలిస్కోపు కొనే ముందు మౌంట్ గురించి ఆలోచించండి. ట్యూబు, కెమెరా అన్నీ కలిపి నా సామాను బరువు 12 కిలోల దగ్గర. ఈ మౌంట్‌కి కంపెనీ చెప్పే పరిమితి 20 కిలోలు. ఫొటోలకి ఆ అంకెలో అరవై శాతం దాటకపోవడం క్షేమం. న్యూటోనియన్ ట్యూబు గాలికి తెరచాపే. ఏప్రిల్ సాయంత్రాల గాలికి పడమర వైపు కారు అడ్డం పెట్టుకోవచ్చు, టార్పాలిన్ కట్టుకున్నా సరే.

ఈ కెమెరా ముందున్న గాజు ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపదు, కాబట్టి యూవీ-ఐఆర్ కట్ ఫిల్టర్ తప్పనిసరి. లేకపోతే నక్షత్రాల చుట్టూ మసక వలయాలు వస్తాయి. కరెక్టర్ నుంచి సెన్సర్‌కి 55 మిల్లీమీటర్లు ఉండాలంటే కెమెరా లోపలి 17.5, ఆఫ్-యాక్సిస్ గైడర్ (అదే టెలిస్కోపులోంచి ఒక నక్షత్రాన్ని చూస్తూ మౌంట్ గురిని దిద్దే భాగం) 16.5, స్పేసర్ 21 కలిపితే సరిగ్గా వస్తుంది. ఫిల్టర్ గాజు మందంలో మూడో వంతు అదనంగా కలపాలి. 2 మిల్లీమీటర్ల గాజుకి ఇంకో 0.7 అన్నమాట. ఈ దూరం తప్పితే మూలల్లో నక్షత్రాలు తోకచుక్కల్లా సాగుతాయి. నాలుగు మూలలూ ఒకేలా సాగితే దూరం తప్పు. ఒక మూలే సాగితే దూరాన్ని ముట్టుకోవద్దు, అది ఫోకసర్ వంగడం గానీ కొలిమేషన్ (అద్దాల వరుస) తప్పడం గానీ.

కరెంటు కోసం పొలం లైన్ మీద ఆధారపడొద్దు. మౌంట్, కెమెరా కూలర్, మినీ పీసీ, మంచు పట్టకుండా ఆపే డ్యూ హీటర్ అన్నీ కలిపి 12 వోల్టుల దగ్గర సుమారు 5 ఆంపియర్లు లాగుతాయి. 8 గంటలకి 40 ఆంపియర్-అవర్లు. లెడ్-యాసిడ్ బ్యాటరీని సగం కన్నా ఎక్కువ దించకూడదు కాబట్టి 100 ఆంపియర్-అవర్లది కావాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 60 సరిపోతుంది, బరువూ తక్కువ. వోల్టేజి 11.5 కిందికి పడితే మౌంట్ మోటార్లు అడుగులు తప్పుతాయి, గైడింగ్ గ్రాఫ్ ఉన్నట్టుండి గోడెక్కుతుంది. అప్పుడు గైడింగ్ సెట్టింగులు మార్చుకుంటూ కూర్చుంటే లాభం లేదు, ముందు మీటర్ పెట్టి వోల్టేజి చూడాలి. సన్న వైరు, పొడుగు వైరు కూడా ఇదే పని చేస్తాయి.

పోలార్ అలైన్‌మెంట్‌లో మన అక్షాంశానికి కొన్ని చిక్కులున్నాయి, యూరప్ అమెరికాల్లో తీసిన వీడియోల్లో అవి కనిపించవు. ధ్రువ నక్షత్రం ఇక్కడ 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. చెట్టు, గట్టు, దుమ్ము ఏదైనా అడ్డం రావచ్చు. అంత కిందికి వాతావరణ వక్రీభవనం కూడా 3 ఆర్క్‌మినిట్ల దాకా ఉంటుంది, ధ్రువం అసలు ఎత్తు కన్నా పైన కనిపిస్తుంది. అందుకే పోలార్ స్కోపుతో గురిచూడడం దగ్గరే ఆగకుండా, ఎన్‌ఐఎన్‌ఏ అనే సాఫ్ట్‌వేర్ లోని త్రీ పాయింట్ పోలార్ అలైన్‌మెంట్ చేస్తాను. ఆకాశంలో మూడు చోట్ల ఫొటో తీసి ప్లేట్ సాల్వ్ చేసి, అంటే నక్షత్రాల అమరికని బట్టి గురి ఎక్కడుందో కనుక్కుని, తప్పు చెబుతుంది, ఉత్తరం కనిపించకపోయినా పనిచేస్తుంది. వక్రీభవనం దిద్దే ఆప్షన్ ఆన్‌లో పెట్టాలి. రెండు అక్షాల్లోనూ తప్పు 1 ఆర్క్‌మినిట్ లోపలికి వస్తే చాలు. సాల్వింగ్‌కి ఏఎస్‌టీఏపీ సాఫ్ట్‌వేర్ నక్షత్రాల డేటాబేస్ ఇంట్లోనే దించుకుని వెళ్లండి, పొలంలో ఇంటర్నెట్ అక్కర్లేకుండా.

ఇంకో సంగతి మౌంట్ ఒరుగు. ఇంత తక్కువ కోణంలో ఆర్‌ఏ అక్షం (ఆకాశంతో పాటు తూర్పు నుంచి పడమరకి తిప్పేది) దాదాపు పడుకున్నట్టుంటుంది. ఆల్టిట్యూడ్ బోల్టు మీద భారం ఎక్కువ పడుతుంది. ట్యూబు, బరువులు ఎక్కించక ముందే కోణం 18 దగ్గరికి తెచ్చుకుని, ఎక్కించాక చిన్న సవరింపులు మాత్రమే చెయ్యాలి. చివరి కదలిక ఎప్పుడూ పైకి నెట్టేదిగా ఉంటే తరవాత జారదు. బరువుల కడ్డీ ట్రైపాడ్ కాలికి తగిలే ప్రమాదం కూడా ఇక్కడే ఎక్కువ. పియర్ ఎక్స్‌టెన్షన్ వేస్తే ఆ సమస్య పోతుంది. వెయ్యని పక్షంలో వెలుతురుండగానే మౌంట్‌ని మెరిడియన్‌కి రెండు వైపులా చేత్తో తిప్పి, ఏదీ ఎక్కడా తగలడం లేదని కళ్లతో చూసుకోవాలి.

కొలిమేషన్ పొలంలోనే, ప్రతి రాత్రీ. మట్టిరోడ్డు మీద కారులో వచ్చిన ఎఫ్/5 అద్దం ఉన్నచోట ఉండదు. చెషైర్ ఐపీస్‌తో ముందు సెకండరీ (చిన్న అద్దం), తరవాత ప్రైమరీ (పెద్ద అద్దం). లేజర్ వాడితే ఆ లేజర్‌నే ముందు సరిచూసుకోవాలి. అద్దం చల్లబడడానికి గంట ఇవ్వాలి, వెనక ఫ్యాన్ ఉంటే అరగంట.

ఫోకస్‌కి ఎంత చోటుందో లెక్కగడితే జాగ్రత్త దానంతట అదే వస్తుంది. ఎఫ్/5లో ఆకుపచ్చ వెలుగుకి ఫోకస్ నిలిచే మేర మొత్తం 67 మైక్రాన్లు, అంటే సరైన బిందువుకి అటు 33, ఇటు 33. మీటరు పొడవున్న ఉక్కు ట్యూబు ఒక్క డిగ్రీ చల్లబడితే 11 లేదా 12 మైక్రాన్లు కుదించుకుపోతుంది. 3 డిగ్రీలు పడితే ఫోకస్ అంచుకొస్తుంది. ఏప్రిల్‌లో రాత్రి 8కీ తెల్లవారుజాముకీ మధ్య 6, 7 డిగ్రీల తేడా మామూలే. కాబట్టి సాయంత్రం బాటినోవ్ మాస్క్ (ఫోకస్ కుదిరిందో లేదో చూపే గీతల మూత) పెట్టి ఒకసారి ఫోకస్ చేసి వదిలేస్తే అర్ధరాత్రి దాటిన ఫ్రేములన్నీ మెత్తబడతాయి. మోటార్ ఫోకసర్ ఉంటే ప్రతి 2 డిగ్రీలకీ, మెరిడియన్ ఫ్లిప్ (గెలాక్సీ మెరిడియన్ దాటాక ట్యూబుని మౌంట్ రెండో వైపుకి తిప్పడం) తరవాతా ఆటోఫోకస్ పెట్టండి. చేత్తో అయితే గంటకోసారి మాస్క్.

గైడింగ్‌కి విడిగా చిన్న గైడ్‌స్కోప్ కన్నా ఆఫ్-యాక్సిస్ గైడర్ మంచిది. న్యూటోనియన్‌లో ప్రధాన అద్దం రాత్రంతా కొద్దికొద్దిగా కదులుతూ ఉంటుంది. పక్కన బిగించిన గైడ్‌స్కోప్‌కి ఆ కదలిక తెలియదు, గ్రాఫ్ చక్కగా కనిపిస్తుండగానే నక్షత్రాలు సాగిపోతాయి. ఆఫ్-యాక్సిస్ గైడర్ అదే అద్దంలోంచి చూస్తుంది గనక ఆ కదలికనీ దిద్దుతుంది. దీనికో ఇబ్బంది ఉంది. ఎమ్‌51 పాలపుంత పట్టీకి చాలా దూరంగా, గెలాక్టిక్ ధ్రువం వైపు ఉంటుంది, అక్కడ నక్షత్రాలు పలచన. ప్రిజంలో గైడ్ నక్షత్రం దొరక్కపోవచ్చు. గైడ్ కెమెరాని 2×2 బిన్ చేసి (నాలుగు పిక్సెళ్లని ఒకటిగా కలిపి) 3 సెకన్ల ఎక్స్‌పోజర్ ఇస్తే చాలాసార్లు దొరుకుతుంది. దొరక్కపోతే కెమెరాని గైడర్‌తో సహా తిప్పాలి. సెన్సర్ చదరం కాబట్టి ఎటు తిప్పినా కూర్పు పాడవదు. ఆ తిప్పుడు రాత్రి మొదట్లోనే అయిపోవాలి, ఎందుకో ఫ్లాట్ల దగ్గర చెబుతాను.

గైడింగ్ సాఫ్ట్‌వేర్ పీహెచ్‌డీ2 క్యాలిబ్రేషన్ ఎమ్‌51 మీద కాకుండా ఖగోళ మధ్యరేఖ, మెరిడియన్ కలిసే చోటికి దగ్గరలో చెయ్యాలి. ఆ తరవాతే గెలాక్సీకి తిప్పాలి. ఆర్‌ఏలో తూర్పు వైపు కొద్దిగా బరువు ఉంచితే గేర్లు ఎప్పుడూ ఒకే వైపు ఆనుకుంటాయి. మొత్తం ఆర్‌ఎంఎస్ (గురి సగటున తప్పే మేర) 0.8 ఆర్క్‌సెకన్ల లోపుంటే నా పిక్సెల్‌కి సరిపోతుంది. ఆర్‌ఏ, డెక్ (ఉత్తర దక్షిణ దిశ) అంకెల మధ్య తేడా చూడడం ముఖ్యం. ఒకటి రెండోదానికి రెట్టింపైతే నక్షత్రాలు కోడిగుడ్లవుతాయి. రెండూ సమానంగా పెరిగితే తప్పు మౌంట్‌ది కాదు, గాలిది.

ఎక్స్‌పోజర్ ఎంత? ఎక్కువసేపు తీస్తే మసకవి బాగా వస్తాయన్నది సగం నిజమే. మసకవి తెచ్చేది మొత్తం సమయం. ఒక్కో ఫ్రేము పొడవుకి ఉన్న పని ఒక్కటే: ఆకాశపు గోలలో (నాయిజ్‌లో) కెమెరా రీడ్ నాయిజ్, అంటే ఫ్రేముని చదివేటప్పుడు సెన్సర్ కలిపే గోల, మునిగిపోవాలి. ఆ పాటి ఎక్స్‌పోజర్‌కి ఒక సూత్రం ఉంది. రీడ్ నాయిజ్ వర్గాన్ని 10తో గుణించి, ఒక పిక్సెల్‌లో సెకనుకు పడే ఆకాశపు ఎలక్ట్రాన్లతో భాగించాలి. ఈ సెన్సర్‌కి గెయిన్ (సంకేతాన్ని పెంచే సెట్టింగు) 100 దగ్గర రీడ్ నాయిజ్ 1.5 ఎలక్ట్రాన్లు. వర్గం 2.25, పదింతలు 22.5. ఆకాశం సెకనుకు 0.2 ఎలక్ట్రాన్లు ఇస్తుంటే 112 సెకన్లు. అందుకే 120 సెకన్లు పెడతాను. 300 పెడితే లాభం శాతంలో వెతుక్కోవాలి గానీ, విమానం వచ్చినా గాలి తోసినా ఒక్క దెబ్బకి 5 నిమిషాలు పోతాయి, ప్రకాశవంతమైన నక్షత్రాల రంగు కూడా తెల్లగా కాలిపోతుంది.

మొత్తం ఎన్ని గంటలన్నదీ లెక్కే చెబుతుంది. 0.2లో నూరో వంతు 0.002. 8 గంటలకి, అంటే 240 ఫ్రేములకి, తోక నుంచి పిక్సెల్‌కి 58 ఎలక్ట్రాన్లు వస్తాయి. ఆకాశం నుంచి 5,760. ఆకాశం, రీడ్ నాయిజ్ కలిపి గోల 80 దగ్గర. సంకేతం గోల కన్నా తక్కువే. కానీ తోక విశాలమైనది, 4×4 పిక్సెళ్లు సగటు తీస్తే నిష్పత్తి 3కి దగ్గరవుతుంది, కంటికి ఆనుతుంది. 2 గంటల ఫొటోలో తోక కనిపించలేదని ప్రాసెసింగ్‌ని తిట్టుకోవడం వృథా, గోలతో పోలిస్తే అక్కడ అది సగమే ఉంది. 8 గంటలు కనీసం అనుకోండి, 12 అయితే హాయి.

డిథరింగ్ మానొద్దు. ప్రతి 3 ఫ్రేములకీ గురిని 10, 12 పిక్సెళ్లు అటూ ఇటూ జరపాలి. లేకపోతే సెన్సర్ సొంత మరకలు ఒకే దిశలో గీతల్లా పేరుకుంటాయి, తోక ఉండాల్సిన చోట వానజల్లు కొట్టినట్టుంటుంది. డార్కులు, అంటే మూత పెట్టి తీసిన ఫ్రేములు, పనికి రావాలంటే ఉష్ణోగ్రత, గెయిన్, ఎక్స్‌పోజర్ మూడూ లైట్లతో (గెలాక్సీని తీసిన ఫ్రేములతో) కలవాలి. ఏప్రిల్ రాత్రి 30 డిగ్రీలుంటే ఈ కూలర్ మైనస్ 5 దాకా దింపగలదు, కానీ ఆ అంచున నిలకడ ఉండదు. సున్నా పెట్టుకుంటే నిశ్చింత. ఇంట్లో తీసిన మైనస్ 10 డార్కులని సున్నా లైట్లకి వాడొద్దు. 30 డార్కులు చాలు.

ఇప్పుడు ఫ్లాట్లు. ఫోకసర్ నీడ, ఫిల్టర్ మీది దుమ్ము వలయాలు, మూలల చీకటి ఇవన్నీ ఆకాశపు వెలుగుని చోటుచోటుకీ మారుస్తాయి. ఫ్లాట్ ఒక శాతం తప్పితే, ఆ తప్పు తోకంత ఉంటుంది. తరవాత ఏ సాఫ్ట్‌వేర్ కూడా ఏది తోకో ఏది దుమ్ము నీడో చెప్పలేదు. నేను చూసిన చాలా ఎమ్‌51 ఫొటోల్లో తోకని ముంచింది ఆకాశం కాదు, ఫ్లాట్లే.

తెల్లవారుజామున చివరి లైట్ అయ్యాక కెమెరాని తియ్యకుండా, తిప్పకుండా, ఫోకస్ మార్చకుండా ఫ్లాట్లు తియ్యాలి. కెమెరా ఒక్క డిగ్రీ తిరిగినా నీడలు లైట్లలోని నీడలతో కలవవు. తిప్పాల్సి వస్తే ముందే తిప్పుకోమన్నది ఇందుకే. ట్యూబు నోటి మీద ఉతికిన తెల్ల బట్టని ముడత లేకుండా రెండు పొరలుగా కట్టి, పైన ఎల్‌ఈడీ ట్రేసింగ్ ప్యానెల్ పెడతాను. ప్యానెల్ వెలుగు తగ్గించడానికి మధ్యలో తెల్ల కాగితాలు వెయ్యాలి. ప్యానెల్ డిమ్మర్‌నే తగ్గిస్తే మిణుకుతుంది, చిన్న ఎక్స్‌పోజర్లలో అడ్డ పట్టీలు పడతాయి. ఎక్స్‌పోజర్ 1 నుంచి 3 సెకన్ల మధ్య, హిస్టోగ్రామ్ 65,535లో 25,000 దగ్గర. కలర్ కెమెరా గనక మూడు రంగులూ విడివిడిగా చూడాలి. సగటు బాగుండి నీలం అడుగున పడి ఉండొచ్చు.

ఎన్ని తియ్యాలి? గెయిన్ 100లో 25,000 అంటే పిక్సెల్‌కి సుమారు 6,000 ఎలక్ట్రాన్లు. ఒక్క ఫ్లాట్‌లో గోల 1.3 శాతం, మనం వెతికే సంకేతం కన్నా ఎక్కువ. 40 కలిపితే 0.2 శాతానికి దిగుతుంది. అందుకని 40. అదే ఎక్స్‌పోజర్‌తో మూత పెట్టి 40 డార్క్-ఫ్లాట్లు కూడా.

ఇంత చేసినా ఫ్లాట్ సరిగా దిద్దకపోతే, అంటే మధ్య చీకటై మూలలు వెలిగితే, న్యూటోనియన్‌లో నేను ముందు అనుమానించేది వెలుతురు కారడాన్ని. ప్రధాన అద్దం వెనక భాగం తెరిచి ఉంటుంది. మినీ పీసీ ఎల్‌ఈడీ అయినా, దూరం నుంచి వచ్చే ట్రాక్టరు లైటయినా అద్దం అంచు పక్కనుంచి లోపలికి దూరుతుంది. ఆ వెలుగు అద్దాల దారిలో రాదు, కాబట్టి ఫ్లాట్‌లో ఉండదు, లైట్లలో మాత్రం ఉంటుంది. వెనక నల్ల గుడ్డ తొడిగి సాగే దారంతో కట్టేస్తే సగం రోగం కుదురుతుంది. ఫోకసర్ చుట్టూ సందులుంటే అక్కడా అంతే. పరీక్ష తేలిక: మూత పెట్టి 120 సెకన్ల ఎక్స్‌పోజర్ ఇస్తూ ట్యూబు వెనక టార్చి వేసి చూడండి. డార్కులో ఏమాత్రం మెరుపు కనిపించినా కారుతున్నట్టే.

స్టాకింగ్, అంటే ఫ్రేములన్నీ ఒకటిగా కలపడం, సిరిల్ సాఫ్ట్‌వేర్‌లో. ముందు ఫ్రేములు ఏరాలి. నక్షత్రాల వెడల్పు మామూలు కన్నా బాగా పెరిగినవీ, బ్యాక్‌గ్రౌండ్ ఉన్నట్టుండి లేచినవీ తీసేస్తాను. రెండోది పలచటి మబ్బుకి గుర్తు, దాని వల్ల ప్రకాశవంతమైన నక్షత్రాల చుట్టూ వచ్చే గుండ్రటి మసకని తోకగా పొరబడే ప్రమాదముంది. క్యాలిబ్రేట్ చేసిన ప్రతి ఫ్రేములోనూ మొదటి డిగ్రీ పాలినోమియల్‌తో బ్యాక్‌గ్రౌండ్ తీసెయ్యాలి. అది వాలుని మాత్రమే తీస్తుంది, తోకని తినదు. ఆ తరవాత రిజిస్టర్ చేసి విన్సరైజ్డ్ సిగ్మా (మిగతా ఫ్రేములతో పొసగని పిక్సెళ్లని వదిలేసే పద్ధతి) 3, 3తో స్టాక్. విమానాల, ఉపగ్రహాల గీతలు ఇక్కడే పోతాయి. స్టాక్ అయ్యాక బ్యాక్‌గ్రౌండ్ తీసే గ్రాక్స్‌పర్ట్ వాడితే ఫలితాన్ని మాత్రమే చూసి ఒప్పుకోవద్దు. అది తీసేసిన బ్యాక్‌గ్రౌండ్‌ని విడిగా తెరిచి గట్టిగా స్ట్రెచ్ చేసి (మసక భాగాల వెలుగు పెంచి) చూడండి. అందులో గెలాక్సీ ఆకారం లీలగా కనిపిస్తే, మీ తోక ఆ చెత్తబుట్టలోకి పోయింది. స్మూతింగ్ పెంచి మళ్లీ చెయ్యాలి.

రంగు ఫొటోమెట్రిక్ క్యాలిబ్రేషన్‌కి వదిలేస్తే చాలు. మధ్యభాగం పాత నక్షత్రాలతో పసుపుగా, చేతులు కొత్త నక్షత్రాలతో నీలంగా, ఎన్‌జీసీ 5195 పసుపుగా, దుమ్ము చారలతో వస్తాయి. స్ట్రెచ్ రెండు మూడు చిన్న అడుగులుగా చెయ్యాలి. ఒక్కసారే లాగితే మధ్యలోని దుమ్ము గీతలు తెల్లగా మాసిపోతాయి. స్టార్‌నెట్‌తో నక్షత్రాలు విడదీసి గెలాక్సీని వేరుగా లాగడం మంచి పద్ధతే, కానీ ఎమ్‌51 చేతుల్లోని హైడ్రోజన్ ముడులని కూడా నక్షత్రాలనుకుని అది తీసేస్తుంటుంది. నక్షత్రాల పొరని ఒకసారి జూమ్ చేసి చూసుకోవాలి. నాయిజ్ తగ్గించేటప్పుడు గెలాక్సీకి మాస్క్ వేసి బ్యాక్‌గ్రౌండ్‌కి మాత్రం, అదీ పొదుపుగా. ఫొటోలో ఐసీ 4277, ఐసీ 4278 అనే రెండు చిన్న గెలాక్సీలు ఎన్‌జీసీ 5195 పక్కన ఉంటాయి. అవి గీతల్లా స్పష్టంగా నిలిస్తే నాయిజ్ తగ్గింపు హద్దులో ఉన్నట్టు. పిండిముద్దలయ్యాయంటే వెనక్కి రండి.

చేతుల వెంట గులాబీ రంగు ముడులు ఇంకా కావాలనుకునేవాళ్లు హైడ్రోజన్-ఆల్ఫా ఉన్న డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్‌తో 300 సెకన్ల ఫ్రేములు 3, 4 గంటలు తీసి ఎరుపు చానెల్‌లో కలపొచ్చు. ఇది ఇంటి డాబా మీద, వెన్నెల్లో కూడా తీయదగ్గ భాగం. ఫిల్టర్ ఎంచుకునేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ఎమ్‌51 మన నుంచి సెకనుకు 460 కిలోమీటర్ల దగ్గర వేగంతో దూరమవుతోంది, అందువల్ల 656.3 నానోమీటర్ల గీత ఒక నానోమీటరు ఎరుపు వైపు జరుగుతుంది. ఎఫ్/5 వాలు కిరణాలు ఫిల్టర్ కిటికీని (అది వెలుగుని వదిలే తరంగదైర్ఘ్యాల మేరని) నీలం వైపు జరుపుతాయి. 3 నానోమీటర్ల ఫిల్టర్‌లో ఈ రెండూ కలిసి గీతని అంచుకి తోసేస్తాయి. 7 నానోమీటర్లదే ఇక్కడ మేలు.

ఫొటో పూర్తయ్యాక, అందంగా తయారైన దాన్ని కాదు, స్ట్రెచ్ తక్కువగా ఉన్న స్టాక్‌ని తీసుకుని పాత ఫొటోతో మార్చి మార్చి చూడండి. మెస్సియే 1773లో కనిపెట్టిన, లార్డ్ రాస్ 1845లో ఐర్లండ్‌లోని తన 72 అంగుళాల టెలిస్కోపుతో తొలిసారి సుడి ఆకారం చూసిన ఈ గెలాక్సీలో 1994, 2005, 2011లలో సూపర్‌నోవాలు వెలిగాయి. 2011 నాటిదాన్ని తొలుత పట్టుకున్నవాళ్లలో అమెచ్యూర్లున్నారు. కొత్త చుక్క కనిపిస్తే ముందు అది ఎన్ని ఫ్రేముల్లో ఉందో చూడాలి. డిథరింగ్ చేశాం గనక హాట్ పిక్సెల్ అయితే నక్షత్రాలతో పాటు కదలదు. ఎమ్‌51 క్రాంతివృత్తానికి (ఆకాశంలో సూర్యుడు కదిలే దారికి) 50 డిగ్రీల దూరంలో ఉంది కాబట్టి గ్రహశకలం అయ్యే అవకాశం తక్కువ, అయినా గంట తేడాతో తీసిన రెండు గుంపులు విడిగా స్టాక్ చేసి జరిగిందో లేదో చూడండి. జరగకపోతే ప్లేట్ సాల్వ్ చేసి ఆర్‌ఏ, డెక్ రాసుకుని, అంతర్జాతీయ ఖగోళ సంఘం తరఫున నడిచే ట్రాన్సియెంట్ నేమ్ సర్వర్‌లో ఆ చోట ఎవరైనా ముందే నమోదు చేశారేమో వెతకాలి. లేకపోతే యూటీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) సమయం, మ్యాగ్నిట్యూడ్ అంచనా జతచేసి అదే రాత్రి పంపాలి.